లైల్ తరఫున నిలబడ్డాను

కెంటకీ, 1968 మే

అమ్మాయీ లూలా, నేను గట్టిగానే ఉన్నాను. చెప్పేది నేను, రాసేది పక్కింటి ఓపల్.

యుద్ధానికి వెళ్ళొచ్చిన నీ కొడుకు లైల్, అదే యుద్ధం వద్దని చంకకర్రల మీద ఊరేగుతున్నాడని, ఊరికి తేవడానికి జంకుతున్నావట. విను. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు, వియత్నాంకి ఇంకా కుర్రాళ్ళు కావాలట అని చెప్పి, పిల్లల్ని పంపినవాళ్ళను ఎప్పటిలాగే లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. వెనకనుంచి, కిరాణా కొట్టు నడిపే హోబర్ట్, "జెండాకి ఎదురు తిరిగినోడి అమ్మమ్మ కూడానా!" అన్నాడు.

"వాడు అక్కడ కాలు పోగొట్టుకొచ్చి చెబుతున్నాడు. నువ్వు గల్లాపెట్టె ముందునుంచి లేవకుండా చెబుతున్నావు. ఎవరి మాట వినమంటావురా?" అన్నాను.

కిందటేడైతే అందరూ కలిసి నా నోరు మూయించేవాళ్ళు. ఈసారి, మార్చిలో ఆ యుద్ధంలోనే కొడుకును పోగొట్టుకున్న వెర్నా లేచి నా పక్కన నిలబడింది. "మిగిలినోళ్ళనైనా ఇంటికి తెమ్మంటున్నాడు. తప్పేముంది?" అంది. ఆ తరవాత ఒక్కో బెంచీ లేచింది. హోబర్ట్ ఒక్కడే కూర్చుండిపోయాడు.

నీ దగ్గు తగ్గిందా? తెల్లదారం ఉండలు రెండు తే. సమాధులకు పూలు పెట్టే ఆదివారానికి లైల్ రావాలి. తన కొడుక్కి వాడి చేతే పూలు పెట్టించాలని వెర్నా అడిగింది. వాడు నా మనవడని చెప్పుకుంటూ ముందు నేనే నడుస్తాను.

ఇద్దరూ చల్లగా ఉండండి.

మీ అమ్మ, ఈడా