పలచన చేసిన చక్రం

మధుసూదన్‌రావు సార్‌కు నమస్కారం.

నేను కరీంనగర్‌లో లేత్ మిషన్ నడిపేవాణ్ణి. మీరు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం మీ వాచ్‌మన్ చేతికి ఇస్తున్నాను.

రేసు ట్రాక్ మీద దూకుడుగా నడిపి మీ అమ్మాయి రుచిత పాదం పోగొట్టుకుందని అంతా అంటున్నారు. తప్పు ఆమెది కాదు. ఇంజను చప్పున వేగం అందుకోవాలని, ఇంజను వెనక తిరిగే బరువు చక్రం, అంటే ఫ్లైవీల్, తేలికపాటిది ఆమె తెప్పించి బిగించుకుంటానంది. నేనే, "నెలరోజులు ఎందుకు ఆగుతవ్ బిడ్డా, పాత చక్రాన్నే కోసి పలచన చేసిస్త" అన్నాను.

"పలిగి ముక్కలు గాదు గదా కాకా?" అని అడిగింది.

"గ్రానైట్ మిషన్ల చక్రాలు ఇరవై ఏండ్ల సంది కోస్తున్న. ఫికర్ చెయ్యకు" అన్నాను.

అది పెళుసు పోత ఇనుము. కారు ఇంజను తిరిగే వేగానికి ముక్కలై, కారు అడుగు రేకు చీల్చుకొని ఆమె కాలి మీదికి వచ్చింది. ఆస్పత్రిలో నన్ను చూసి, "నేనే రేజ్ ఎక్కువిచ్చిన కాకా" అంది. ఆ మాటే నిజమని అందరినీ నమ్మనిచ్చాను.

నన్ను ఏం చేసినా సరే. కానీ ఆ రోజు నేను కోసింది రెండు చక్రాలు సార్. రెండోది మీ విద్యాధర్ కారులో ఉంది. చెల్లెను చూడటానికి అతడు రోజూ ఆస్పత్రికి పోతున్నది ఆ కారులోనే. దయచేసి ఇవాళ పోనివ్వకండి.