సంధ్య ప్లేటు మీది ఎర్ర చుక్క

అమీర్‌పేట,
మంగళవారం సాయంత్రం

ప్రియమైన అమ్మకు,

వందనాలు. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. మస్కట్‌లో నువ్వూ డాడీ చిన్నీ ఎలా ఉన్నారు? నీ మోకాలు నొప్పి తగ్గిందా? డాడీ ఇంకా ఆ ఎండలో మేడలెక్కి ఏసీలు బాగుచేస్తున్నారా? టోపీ పెట్టుకోమని నేను మరీ మరీ చెప్పానని చెప్పు. చిన్ని నా మంచం మీద పడుకుంటోందని తెలుసు. పడుకోనీ, ఏమీ అనకు.

ఉత్తరం చూసి భయపడకు. మళ్ళీ చెప్తున్నాను, బాగానే ఉన్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి నువ్వు వార్డులో ఉన్నావు. ఒకసారి చిన్ని ఫోన్ లాక్కుంది. మూడోసారి నువ్వు ‘చెప్పు నాన్నా’ అన్నావు. ఆ మాట వినగానే అన్నం తిన్నానని చెప్పి పెట్టేశాను. ముందు ఇంగ్లీషులో రాశాను కూడా. చదువుకుంటే స్కూల్లో ఇచ్చే లీవ్ లెటర్‌లా ఉంది, చింపేశాను. తెలుగులో రాస్తుంటే నువ్వు ఎదురుగా కూర్చుని వింటున్నట్టుంటుంది, తప్పించుకోవడం కుదరదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే నవ్వుకో. మన చర్చి రూత్ ఆంటీ రేపు మస్కట్‌కి తిరిగి బయల్దేరుతున్నారు. గురువారం సాయంత్రం ఇంటికి తెచ్చిస్తానన్నారు. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. మనకి అక్కడ వాన పడితే స్కూలుకి సెలవిచ్చేవాళ్ళు, గుర్తుందా? ఇక్కడ ఆటోలు ఆగవు, అంతే, మిగతా అన్నీ మామూలే. కాలేజీ పంజాగుట్టలోనే కాబట్టి మెట్రోలో ఒక్క స్టేషను. తిండి ఫర్వాలేదు. పప్పు నీళ్ళలా ఉంటుంది, ఆదివారం చికెన్ పెడతారు. మా గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే ఇంకో హాస్టల్ గోడ. మస్కట్‌లో మనల్ని అందరూ ఇండియావాళ్ళనేవాళ్ళు. ఇక్కడ నా తెలుగు విని ‘మీది ఏ ఊరు?’ అని అడుగుతారు. ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సంధ్య గురించి నీకు చెప్పాను కదా, నా రూమ్మేట్, సిరిసిల్ల అమ్మాయి, ఇక్కడ కంప్యూటర్ కోర్సు చేస్తోంది. చెప్పనిది ఒకటుంది. ఆమెకి వేళ్ళ మీదా, మోచేతుల దగ్గరా, పై పెదవి మూలనా తెల్లమచ్చలున్నాయి. బొల్లి. నేను చేరిన రోజుకి ఆమె పక్క మంచం ఎవరూ తీసుకోక ఖాళీగా ఉంది. నేను తీసుకున్నాను. మా అమ్మ నర్సు, ఇది అంటుకోదని చెప్పింది అని గొప్పగా అన్నాను కూడా. ఆమె కాసేపు నన్నే చూసి, మీ అమ్మ మంచిగ చెప్పిందంది. నువ్వు పెట్టిన ఖర్జూరాల డబ్బా ఆ రోజే ఇద్దరం కలిసి తెరిచాం.

నువ్వు నిజంగానే చెప్పావు. నాకు ఏడేళ్ళప్పుడు, మన బిల్డింగ్ కింద మందుల షాపు అంకుల్ చేతులు తెల్లగా ఉండేవి. ఆయన చాక్లెట్ ఇస్తే నేను చెయ్యి వెనక దాచుకున్నాను. నువ్వు అక్కడే కింద కూర్చుని, నా చెయ్యి లాగి ఆయన చేతిలో పెట్టావు. తర్వాత మెట్లెక్కుతూ మూడంతస్తులూ అదే చెప్పావు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదమ్మా.

నెలన్నర క్రితం, వానలకి డాబా మీద తీగలన్నీ నిండిపోయి, ఉతికిన బట్టలు మూడు రోజులైనా ముక్కవాసన వేస్తుంటే, సందు చివర ఇస్త్రీ తాతకి వేయడం మొదలుపెట్టాను. ఆయనే ఉతికి, ఇస్త్రీ చేసి ఇస్తాడు. నీ బట్టలు నువ్వే ఉతుక్కో అన్నావు కదా, అందుకే చెప్పలేదు. సంధ్య మాత్రం తనవి తనే ఉతుక్కునేది. పది రోజులు తిరక్కుండా నాకు మెడ వెనక రూపాయి బిళ్ళంత ఎర్రగా వచ్చింది. తర్వాత నడుం దగ్గర, ఎడమవైపు, ఇంకోటి. అది మామూలు దురద కాదు. చిన్న చిన్న నీటిపొక్కులొచ్చి, పగిలి, రసి కారేది. చున్నీ మెడకి చుట్టుకుని, జుట్టు విరబోసుకుని తిరిగాను. ఫోన్లో వెతికితే ప్రతిదీ పెద్ద జబ్బే చూపించింది. నీతో కెమెరా పాడైందన్నాను. పాడవలేదు. నువ్వు రోజంతా ఎవరెవరి పుండ్లో కడుగుతావు. నీ కూతురు తన మెడ నీకు చూపించలేకపోయింది. చూస్తే వెంటనే వచ్చెయ్ అంటావని భయం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది సాకు. సిగ్గు, అంతే.

ఒక ఆదివారం మెస్సులో వంగి వడ్డించుకుంటుంటే చున్నీ జారింది. హాస్టల్ నడిపే పద్మ ఆంటీ చూశారు. పక్కకి తీసుకెళ్ళి, ఏంటిది, ఎప్పట్నుంచి, ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. ఆవిడ భీమవరం ఆవిడ, చెడ్డావిడ కాదు. పోయినేడు ఒకమ్మాయికి గజ్జి వచ్చి అందరికీ పాకి, సగంమంది ఖాళీ చేసి వెళ్ళిపోయారట. ఆ భయం ఆవిడది. నన్ను ఆ రోజే పంపించేస్తారనుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలమ్మా నేను? ఆ ఒక్క నిమిషంలో నా నోట్లోంచి వచ్చేసింది.

“సంధ్యది అంటుకుందేమో ఆంటీ.”

అంటుంటేనే నాకు మందుల షాపు అంకుల్ చెయ్యి గుర్తొచ్చింది. అయినా మాట పూర్తి చేశాను.

సాయంత్రానికి సంధ్యని కింద సామాన్ల గది పక్కనున్న చిన్న గదికి మార్చారు. ఆమెకి వేరే ప్లేటు, వేరే గ్లాసు. మిగతావాటిలో కలిసిపోకుండా ఆ ప్లేటు అంచు మీద ఆంటీ తన నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టారు. సంధ్య పరుపు చుట్టుకుంటున్నంతసేపూ నేను మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర ఆగి ఒక్క మాటే అంది.

“అంటుకోదని మీ అమ్మ చెప్పిందంటివి గదనే.”

నేను పేజీ తిప్పాను.

ఆమె వెళ్ళిపోయాక నాకు తగ్గాలి కదా. పెరిగింది. మెడ పక్కలకి పాకింది. కాలేజీ నుంచి రెండు సందుల అవతల ఒక చర్మం డాక్టరుగారి బోర్డు రోజూ చూసేదాన్ని. వారం రోజులు దాని ముందునుంచి వెళ్ళిపోయి, ఎనిమిదో రోజు లోపలికి వెళ్ళాను. పెద్దావిడ. జుట్టు పక్కకి తీయమని చూశారు, నడుం చూశారు. ఏవేవో అడుగుతారని ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చుంటే, బట్టలు ఎవరు ఉతుకుతారమ్మా అన్నారు. నా కుర్తా కాలర్ వెనక్కి తిప్పి నర్సుని పిలిచి చూపించారు. లోపలివైపు చిన్న నల్ల గుర్తుంది, రెండు చుక్కలూ ఒక గీతా. ప్యాంటు పట్టీ లోపల ఎడమవైపు కూడా అదే. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి చాకలి పెట్టుకునే గుర్తు. నల్లజీడి గింజ రసంతో పెడతారట. అది కొందరి ఒంటికి పడదట, చెమట పడితే ఇంకా ఎక్కువట. ఇన్ని రోజులూ వేసుకున్నాను, ఒక్కసారి కూడా కాలర్ తిప్పి చూసుకోలేదు.

“గుర్తు ఆనినచోటే వచ్చింది, చూడు. ఇది నీకు ఎవరి దగ్గర్నుంచీ రాలేదు, నీ నుంచి ఎవరికీ పోదు,” అన్నారు డాక్టరుగారు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నారు పాపం ఆవిడ. రాసుకునే మందూ, దురదకి మాత్రలూ ఇచ్చారు. పేర్లు వెనక పేజీలో రాశాను, సరైనవేనా చూడు.

అక్కణ్ణుంచి తిన్నగా ఇస్త్రీ తాత దగ్గరికి వెళ్ళాను, గొడవ పెట్టుకుందామనే. ఆయన రేకుడబ్బాలోంచి నల్లటి గింజ తీసి చూపించాడు, దానికి సూది గుచ్చి ఉంది. మార్కర్ పెన్నయితే రెండు ఉతుకులకి పోతుందట, ఇది బట్ట చిరిగినా పోదట. నలభై ఏండ్లసంది పెడుతున్న బిడ్డా, ఒక్కలు సుత అనలే అన్నాడు. నేను జుట్టు పక్కకి తీసి మెడ చూపించాను. ఆయన గింజని వేళ్ళ మధ్య తిప్పాడు.

“అనకుండ ఊకున్నోళ్ళు ఎంతమందో మరి,” అన్నాడు, నాతో కాదు, ఆ గింజతో అన్నట్టు.

ఇప్పుడు నా బట్టలకి నీలం దారం కుడుతున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకి తెలియదు. నాకు తెలుసు, తేడా అదే.

డాక్టరుగారి చీటీ తీసుకెళ్ళి పద్మ ఆంటీకి చూపించాను. హమ్మయ్య అన్నారు. మరి సంధ్యని పైకి పిలుద్దామా అంటే, ఇప్పుడు మళ్ళీ మార్చడమెందుకమ్మా, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు, ఎందుకైనా మంచిది, అక్కడే ఉండనీ అన్నారు. అంటుకోదని నాకు ముందే తెలుసాంటీ, అబద్ధం చెప్పాను అన్నాను. చిన్నపిల్లవి, నీకేం తెలుసు అని నవ్వేశారు. నేను చేసింది నేను వెనక్కి తీసుకుందామన్నా తీసుకోనివ్వడం లేదమ్మా.

నిన్న సంధ్య గదికి వెళ్ళాను. బియ్యం బస్తాల పక్కన మంచం, ఉల్లిపాయల వాసన. వాళ్ళ నాన్న ఆదివారం వచ్చి తీసుకెళ్ళిపోతారట. కోర్సు ఇంకో రెండు నెలలుంటే అయిపోయేది. ఆమె బట్టలు మడతపెడుతూనే ఉంది, నేను నిలబడి అంతా చెప్పాను. తిట్టలేదు. సారీ అన్నాను. చిన్నప్పటిసంది మస్తుమంది సారీ చెప్పిన్రు, పెట్టుకోను జాగ లేదు అంది. నవ్వుతూనే అంది, అది ఇంకా కష్టంగా ఉంది. ఏం చెయ్యాలో తెలియక ఆ ప్లేటు తీసుకుని గోరుతో చుక్క గోకడం మొదలుపెట్టాను. నా చేతిలోంచి లాక్కుంది.

“నువ్వు గోకితే ఏమైతది, రేపు మల్ల పెడ్తది. పెట్టినామెనే తియ్యాలె.”

నేను ఆంటీకి మళ్ళీ చెప్తానన్నాను.

“నువ్వు చెప్పింది చాలు. మీ అమ్మతోని చెప్పిపియ్యి.”

అందుకే ఈ ఉత్తరం. పద్మ ఆంటీకి నువ్వంటే గురి, మస్కట్‌లో స్టాఫ్ నర్సు కూతురు మా హాస్టల్లో ఉందని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటారు. శుక్రవారం ఇక్కడ పదింటికి టిఫిన్లయిపోయి, ఆవిడ మెస్సులో కూర్చుని కూరలు తరుగుతారు. మీకు అప్పుడు ఎనిమిదిన్నర. అక్కడ చర్చి శుక్రవారమే కదా, బయల్దేరే ముందు నా ఫోన్‌కి వీడియో కాల్ చెయ్యి. నేను కాలేజీ మానేసి ఆవిడ పక్కనే ఉంటాను. బొల్లి అంటుకోదని నువ్వు చెప్పు. నా కూతురికి ఈ సంగతి ఏడేళ్ళప్పుడే తెలుసు, తెలిసే అబద్ధం చెప్పింది అని కూడా చెప్పు. ఆ రెండోది వదిలెయ్యకు. నన్ను కాపాడాలని చూస్తావు, నీ సంగతి నాకు తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను.

ఆవిడ వింటారో లేదో, విన్నా సంధ్య ఉంటుందో లేదో తెలియదు. ఉండమని అడిగే మొహం నాకు లేదు.

నా గురించి బెంగపెట్టుకోకు. ఎరుపు తగ్గింది, నీరు కారడం లేదు, నిద్ర పడుతోంది. నల్లమచ్చ మాత్రం కొన్నాళ్ళు ఉంటుందన్నారు. శుక్రవారం కెమెరా ఆపను. ముందు నా మెడ చూడు, తర్వాత ఫోన్ ఆంటీకి ఇస్తాను.

డాడీకి వందనాలు. రూత్ ఆంటీ మళ్ళీ వచ్చేటప్పుడు ఖర్జూరాలు పంపుతానన్నావు, ఈసారి వద్దు. రాత్రి ప్రార్థనలో నా పేరు చెప్పేచోట, ఈ వారం సంధ్య పేరు ముందు చెప్పు. నీ దీవెన అడగడానికి సిగ్గుగా ఉంది, అయినా నువ్వు తప్ప ఇంకెవర్ని అడగను.

నీ కూతురు,
హెప్సి

ఇంకో మాట. ఈ ఉత్తరం డాడీకి చూపించాలా వద్దా నువ్వే చూసుకో. చిన్నికి మాత్రం చదివి వినిపించు. దానికీ ఇప్పుడు ఏడేళ్ళే కదా.