చప్పుడు చేయని పిల్ల

అక్కా,

ప్రభువు పేరిట వందనాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా? ఇక్కడ అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో నేనూ నీ మరిదీ షారోనూ ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు. చలి మొదలైంది. నాకు మాత్రం ఒళ్ళంతా ఉడికిపోతోంది.

మా ఎదురు ఫ్లాట్‌లో రూత్ ఆంటీ అనే యూదు ముసలావిడ ఉందని చెప్పాను కదా. వచ్చిన కొత్తలో పలకరించే దిక్కులేక నేను ఏడుస్తుంటే, తలుపు తట్టి వేడి సూప్ చేతిలో పెట్టిన మనిషి. పోయిన శనివారం మా చర్చివాళ్ళు క్లబ్‌హౌస్‌లో ఒక పాత నలుపు తెలుపు సినిమా వేశారు. యుద్ధకాలంలో జర్మన్ సైనికులకు దొరక్కుండా అటక మీద దాక్కున్న యూదు కుటుంబం కథ. చివర్లో వాళ్ళ చిన్నపిల్ల దగ్గు వినబడి అందరూ దొరికిపోతారు. ఆవిడనూ పిలిచాను. నా చెయ్యి వదలకుండా చివరిదాకా చూసింది.

లైట్లు వేయగానే మా సంఘపెద్ద జయరాజుగారు సమోసా నములుతూ, "ఆ పిల్ల కాస్త సైలెంట్‌గా ఉండి ఉంటే దొరికేవాళ్ళు కాదండీ. అంతా పెంపకం!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎందుకు నవ్వుతున్నారని ఆంటీ అడిగింది. మన షారోన్, చిన్నపిల్ల, దానికేం తెలుసు, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది.

ఆంటీ కర్ర ఊని లేచింది. "నేను చప్పుడు చేయలేదు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. పశువుల కొట్టం అటక మీద, దగ్గొస్తే మా అమ్మ అరచెయ్యి కొరికేదాన్ని. అయినా అమ్మను తీసుకుపోయారు," అంది.

దానికి ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "ఓకే ఓకే, పిల్లలున్నారు, పాజిటివ్‌గా మాట్లాడుకుందాం. ఆంటీకి టీ ఇవ్వండమ్మా!"

"ముందు ఆవిడకి సారీ చెప్పండి అంకుల్!" అని అరిచాను. ఆయన నా మొహమైనా చూడకుండా నీ మరిదితో, "మీ మిసెస్‌కి కాస్త చెప్పుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చాక నీ మరిది, "సుజీ, ఇక్కడ మనకున్నది ఈ నలుగురే. వెళ్ళి సారీ చెప్పెయ్" అన్నాడు.

"ఎవరికి?" అన్నాను.

ఆదివారం ఆరాధనలో నన్ను పాట పాడమన్నారు. మైకు దగ్గరికెళ్ళి, "జయరాజు అంకుల్ వెళ్ళి రూత్ ఆంటీ తలుపు తట్టిన రోజున పాడతాను" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. ఆయన ఇంకా తట్టలేదు. నీ మరిది మాత్రం నిన్న నాతో చెప్పకుండా ఆవిడ దగ్గరికి వెళ్ళి, చాలాసేపు కూర్చుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మేం బాగానే ఉన్నాం, నువ్వు దిగులుపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు. పిన్నికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. మా కోసం ప్రార్థన చెయ్యి. నా కోపం చల్లారాలని మాత్రం చెయ్యకు.

నీ చెల్లి,
సుజాత