తొడుగుల మీది పౌడరు

అమలాపురం, 12-8-82

అల్లుడు సామ్యేలుగారికి మామ గిద్యోను వందనాలు.

కుర్రతనంలో అంటరాని పేటవాణ్ణని కాఫీ హోటల్లో నేను తాగిన గ్లాసు నాచేతే కడిగించేరు. ఆ మంట ఇంకా ఆరలేదు. మొన్న మా కరుణమ్మకి గర్భసంచిలో గడ్డ తియ్యబోతూ డాక్టరమ్మ రబ్బరు తొడుగులేసుకున్న చేతులు కడుక్కుంటోంది. "ఇంకా ముట్టుకోనే లేదు, అప్పుడే కడుగుడా?" అని గుమ్మంలోంచి అరిచేను.

"తొడుగులకి పౌడరుంటుందండి బాబాయిగారూ. కడుపులో పడితే పేగులూ గర్భసంచీ అతుక్కుపోతాయి. ఇక పిల్లలు పుట్టడం కష్టమండి" అంది.

మహాతల్లి! సంచి నిలబెట్టి గడ్డొక్కటే తీసింది. మర్నాడే పిల్లని నడిపించింది. పిల్లలు పుట్టొచ్చంటోంది. వచ్చేటప్పుడు ఆవిడకి మంచి చీర పట్రండి.

మీ అమ్మగారు మీకు రెండో సంబంధం చూస్తున్నారట. మానిపించండి. కరుణమ్మని తీసుకెళ్లడానికి ఎప్పుడొస్తారో వచ్చే శనివారంలోగా నాకు జవాబు అందాలి.