ముడి జారిన వల

ఏమండీ,

మీరు పోయాక మన బందరు వలల కొట్టుకి మొదటిసారి నేనే చైనా నుంచి సరుకు తెప్పించాను. మీరు చేసినట్టే ఒక వలను నీళ్ళలో నానబెట్టి లాగితే ముడులు జారిపోయాయి. వేట మొదలయ్యే రోజులు దగ్గరపడినా ఒక్కటీ అమ్మలేదు. వీడియో కాల్‌లో కంపెనీ ఆవిడకు ఆ ముడులు చూపించాను. వాడకంలో తేడా అయి ఉంటుందని ఆవిడ అంటే, "ఈ వల ఇంకా సముద్రమే చూడలేదమ్మా" అన్నాను. మన అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. చివరికి మొత్తం మార్చి పంపుతామన్నారు.

అవి వచ్చేదాకా, ఎప్పుడూ మన దగ్గరే వలలు కొనే పోలయ్య అన్నయ్య పాత వలనే బాగుచేసుకుని వేటకు వెళ్ళాడు. ఇవాళ కొత్తది భుజాన వేసుకుంటూ, "నానబెట్టి చూశావా చెల్లెమ్మా?" అని అడిగాడు.

"ప్రతి కట్టలోంచీ ఒకటి తీసి చూశాను అన్నయ్యా."

"అయితే నేను చూడక్కర్లేదులే" అన్నాడు.

ఆ మాట ఇదివరకు మీతో మాత్రమే అనేవాడు.