రెండోసారి అడగలేదు

జూన్ 2, సోమవారం

గురువారం ఆడిట్ వాళ్లు వస్తున్నారు. మేం ఒలిచే రొయ్యల్ని కొనే దేశం నుంచి. ప్లాంటంతా పెళ్లివారిల్లులా ఉంది. గోడలకు సున్నం, అందరికీ కొత్త మాస్కులు, ఆర్నెల్లుగా తిరగని ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి కొత్త మోటారు. హెచ్‌ఆర్ సారు మమ్మల్ని వరసగా నిలబెట్టి జవాబులు నేర్పాడు. బ్రేక్ ఇస్తున్నారా? ఇస్తున్నారు. రొయ్యలు కడిగే క్లోరిన్ ఘాటు వస్తోందా? రావట్లేదు. ఎల్కేజీ పిల్లల్లా అప్పజెప్పాం.

నా పక్కన వదిన దగ్గుతూనే ఉంది. సారు ఆమెను చూసి, గురువారం నువ్వు లీవ్ పెట్టుకోమ్మా అన్నాడు.

జూన్ 3

వదిన నాకేమీ కాదు. నాలుగేళ్ల కిందట ఒకే టేబుల్ దగ్గర పక్కపక్కన నిలబెట్టారు, అంతే. అక్కా అని పిలవబోతే, అక్కంటే గౌరవంగా ఉండాలి, వదినా అను, నిన్ను ఎన్నయినా అనొచ్చు అంది. అప్పట్నుంచి అంటూనే ఉంది. నాది బాతు నడకట. నా నోట్లో నువ్వుగింజ నానదట. గ్లౌజులు వేసుకున్నాక ఏప్రన్ వెనక ముడి ఎవరికి వాళ్లం వేసుకోలేం. ఆమెది నేను వేస్తాను, నాది ఆమె వేస్తుంది. రోజు మొత్తంలో నన్ను తాకే మనిషి ఆమె ఒక్కతే.

మా ఆయన వెళ్లిపోయాక గదిలో నేనొక్కదాన్నే. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక కుళాయి నీళ్లు ఉప్పగా మారిపోయాయి. దాహమేస్తే క్యాన్ నీళ్లు. మాట్లాడాలనిపిస్తే ఈ నోట్‌బుక్.

జూన్ 4, సాయంత్రం 6:30

వదిన ఇంటికి వెళ్లొచ్చాను. రెండేళ్లుగా ఉన్న దగ్గు క్లోరిన్ వల్లేనని డాక్టర్ తేల్చేశాడట. ప్లాంటు ఒప్పుకుంటే వైద్యం వాళ్లే చేయించాలి, ప్యాకింగ్ సెక్షన్‌కి మార్చాలి. ఒప్పుకోరు. ఆడిట్ రిపోర్టులోకి ఎక్కితే మాత్రం తప్పదు. నువ్వు చెప్తావా, నన్నెలాగూ రేపు రానివ్వరు, వచ్చినా రెండో మాటకే దగ్గొస్తుంది అంది. చెప్తానన్నాను. నీ ఉద్యోగం పోతుందేమోనే అంది. పోతే పోనీ అన్నాను. నిజంగానే అన్నాను.

జూన్ 5, గురువారం

చెప్పలేదు.

జూన్ 5, మళ్లీ

ఎలా జరిగిందో రాయకపోతే నాకు స్థిమితం లేదు.

గదిలో ఇద్దరే ఉన్నారు. తల నెరిసిన విదేశీ ఆవిడ, ఆవిడ తెచ్చుకున్న ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి. హెచ్‌ఆర్ సారుని బయటే ఉంచి తలుపు వేశారు. నేను వెళ్లగానే ఆవిడ లేచి నిలబడి నాకు కుర్చీ లాగింది. ఐసులో నాని చీలిపోయిన నా వేళ్ల వైపు చూసింది. ఈ పనిలో మీకేమైనా ఇబ్బందిగా ఉందా, ఎవరికీ చెప్పం అని అడిగించింది. ఎంత మెత్తటి గొంతో! నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నేళ్లయింది?

అబ్బే, పర్వాలేదండీ అన్నాను.

నోరు దానంతటదే అనేసింది. భోంచేశారా అంటే కడుపు కాలుతున్నా అయిందండీ అంటామే, అలాగ. ప్రేమగా అడిగిన మనిషి మీద మొదటి మాటకే మన కష్టాలన్నీ కుమ్మరిస్తామా? వాళ్లు రెండోసారి అడుగుతారు. అయ్యో, మొహమాటపడకండి అంటారు. అప్పుడు చెప్తాం. నేను ఆ రెండోసారి కోసం ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుచూశాను.

ఇంటర్‌ప్రెటర్ రెండు ముక్కలు చెప్పింది. ఆవిడ టిక్ పెట్టి, నవ్వి, థాంక్యూ అంది. నేను కూడా థాంక్యూ అని వచ్చేశాను.

భయపడ్డానంటే వదిన నమ్ముతుంది. మొహమాటపడ్డానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

జూన్ 9

జరిగింది జరిగినట్టు వదినకు చెప్పాను. ఏప్రన్ ముడి వేసింది, ఊపిరాడనంత బిగించి.

జూన్ 20

నోటీసు బోర్డు మీద రిపోర్టు పెట్టారు. క్లోరిన్ గురించి కార్మికుల నుంచి ఫిర్యాదులు లేవు అని ఉంది. మధ్యాహ్నానికి వదినను పిలిచి, ఫిట్‌గా లేవని తీసేశారు. నీ దగ్గు ఇంటి నుంచి తెచ్చుకున్నదే, ఇక్కడి గాలి బాగుందని రిపోర్టే చెప్తోంది అన్నారట.

హెచ్‌ఆర్ సారు దగ్గరికి వెళ్లాను. నా జవాబు తప్పు, మార్చండి అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అని నవ్వాడు. కందకి ఉంది సార్, దురదే కాదు, ఆయాసం కూడా అన్నాను. నవ్వు ఆపాడు. ఫైల్ క్లోజ్ అయిపోయింది, వచ్చే ఏడాది వస్తారు, అప్పుడు చెప్పుకో అన్నాడు.

వచ్చే ఏడాదికి వదిన ఎలా ఉంటుందో.

జూన్ 24

ఆ దేశంలో మన రొయ్యల మీద పన్ను పెంచారట. ఆర్డర్లు తగ్గి మా షిఫ్ట్ సగమైంది. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో కూడా నాకు తెలీదు. మధ్యాహ్నానికే గదికి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

జూన్ 26

ఇవాళ ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

జూన్ 29, ఆదివారం

వదిన ఇంటికి వెళ్లాను. తలుపు తీసి మంచం దాకా నడవడానికి రెండుసార్లు ఆగింది. ఇన్‌హేలర్ అయిపోవచ్చింది. తప్పయిపోయింది వదినా అన్నాను. నేనైనా అదే అనేదాన్నిలే అంది. తిట్టు వదినా, నీకు దణ్ణం పెడతా అన్నాను. తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి చాలట్లేదని నాకు తర్వాత అర్థమైంది. బస్టాపులో కూర్చుని ఏడ్చాను.

జూలై 1

లేడీస్ టాయిలెట్ తలుపు వెనక ఒక స్టిక్కర్ ఉంది. ఆడిట్ వాళ్లే అంటించి వెళ్లారు. ఇబ్బందులుంటే నేరుగా కొనే కంపెనీకి ఫోన్ చేయండి, ఫ్రీ అని. ఇన్నాళ్లూ దాని మీద తువ్వాలు వేలాడుతోంది. చేతులు కాలాక ఆకులే, అయినా నంబర్ అరచేతిలో రాసుకున్నాను.

జూలై 2, మధ్యాహ్నం 1:10

గేటు బయట నిలబడి ఫోన్ చేశాను. రికార్డింగ్ ఏడు భాషల పేర్లు చదివింది. మనది లేదు. సున్నా నొక్కాను. ఎవరో మగమనిషి. నాకు అతని మాట రాదు, అతనికి నాది రాదు. క్లోరిన్ అన్నాను. ఫ్యాన్ అన్నాను. నా జవాబు తప్పన్నాను. పెట్టేస్తాడనిపించింది. ఫోన్ నోటికి ఆనించుకుని వదిన దగ్గినట్టు దగ్గాను. ముందు పొడిగా మూడు, తర్వాత పిల్లికూతలాంటి ఊపిరి, ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా. ఒక్కటి కూడా తప్పు పోలేదు. అతను మాట్లాడటం ఆపేశాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. వాచ్‌మన్ కంగారుగా మంచినీళ్లు తెచ్చాడు. వద్దని చెయ్యి ఊపి, దగ్గుతూనే ఉన్నాను.