కింద అక్షరాలొచ్చే సినిమా

చిత్రోత్సవ కార్యదర్శి గారికి దర్జీ నమస్కరించి రాసేది.

కాంటనీస్ భాషలో పాత పోలీసు సినిమా వేస్తున్నారని గోడమీద చూశాను. కింద తెలుగు అక్షరాలొస్తాయని ఉంది. పక్కపక్కన రెండు సీట్లు కావాలి.
ఇట్లు,
దర్జీ
తా.క.: అక్షరాలు నిదానంగా పోతాయా?

దర్జీ గారికి,
నిదానంగానే పోతాయి. పాసు ఉన్నవారికే ప్రవేశం. మీ పాసు వివరాలు తెలపండి.
భవదీయుడు,
కార్యదర్శి

అయ్యా,
నేను అయిదో తరగతి పాసు. మా ఆవిడ ఎనిమిది. ఆవిడ పాసు మీద నన్నూ రానిస్తారా?
విధేయుడు,
దర్జీ
తా.క.: లెక్కలు రెండోసారి రాసి గట్టెక్కాను. అదీ పాసే కదా.

దర్జీ గారికి,
చదువు కాదండీ, ప్రవేశానికి మేమిచ్చే చీటీ. అవి అయిపోయాయి. ఆదివారం తెలుగు సినిమా ఉంది. మాటలు హాయిగా వినొచ్చు, దానికి రండి.
కార్యదర్శి

అయ్యా,
ఆ వినడం దగ్గరే వచ్చింది చిక్కు. మా ఆవిడకు చెవులు పోయాయి. హాలంతా నవ్వాక, నా మొహం చూసి తనూ నవ్వేది. అది చూడలేక సినిమాలు మానేశాం. కాంటనీస్ అయితే ఎవరికీ రాదు. అందరూ చదువుకోవాల్సిందే. ఒక్కసారి అందరితోపాటే నవ్వుతుందని ఆశ.
దర్జీ
తా.క.: పోలీసు సినిమాలో నవ్వు ఉంటుందా?

బాబాయి గారికి,
నా సీటూ, నా పక్క సీటూ మీవి. నేను గోడకానుకుని చూస్తాను. పిన్నిగారిని తీసుకురండి.
మీ కార్యదర్శి
తా.క.: నవ్వు తక్కువే. కాల్పులు మాత్రం దండిగా ఉంటాయి.

కార్యదర్శి బాబుకు ఆశీస్సులు.

అక్షరాలు రాలేదని మీరు అంత బాధపడుతూ రాయొద్దు. యంత్రం మొరాయిస్తే మీరేం చేస్తారు? హాలంతా తెల్లమొహం వేసింది గానీ మా ఆవిడకు ఏ లోటూ లేదు. ఇన్నేళ్లూ చూసి గ్రహించడమే కదా ఆవిడ పని. నాకు చెప్పడం మొదలెట్టింది. తను గుసగుసే అనుకుంది. ఆవిడ గుసగుస పక్క వీధికి వినపడుతుంది. "ఆ నల్లకోటు వాడు దొంగ. వెంటపడేది సొంత తమ్ముడే, పోలీసు. పాపం, వాడు అన్న అని తెలీదు" అంది. ముందు వరసాయన వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాను. "మరి ఆ అమ్మాయి ఎవరు పిన్నిగారూ?" అన్నాడు. నేను సైగ చేశాను. "వదిన" అంది. చివర్లో నల్లకోటు పడిపోతే అందరూ ఆవిడ వంకే చూశారు. ఆవిడ కళ్లొత్తుకుంది. వరసంతా కళ్లొత్తుకుంది.

నా మొహం ఒక్కసారీ చూడలేదు బాబూ.
మీ బాబాయి
తా.క.: ఈ సినిమా ఇదివరకే చూసినాయన మెట్ల దగ్గర నాతో అన్నాడు, నల్లకోటువాడే పోలీసట. వాళ్లు అన్నదమ్ములు కారట, అసలు చుట్టాలే కాదట. నేనింట్లో చెప్పలేదు. మా వరసవాళ్లు కనపడితే మీరూ చెప్పకండి.